బండ మోగినట్టే తలకాయ మోగుతది

దేవప్పకు సగం తలనొప్పి. ఎప్పుడొచ్చినా ఎడమ చెంపకే. పోయిన నెల లారీల బండలు ఎక్కిచ్చేటప్పుడు వచ్చింది, కండ్లకు సగమే కానొచ్చి బండ ఇడిసిండు, కాలి బొటనేలు చితికింది. ఇంకోసారి గట్లయితే పనిల నుంచి తీసేస్తనన్నడు మేస్త్రి. రేపు మళ్ల లారీ ఉన్నది. "కాకా, రేపు వస్తదా రాదా, నువ్వే చెప్పాలె" అని తాండూరు టేషన్ కాడ ఖాదర్‌బీ చాయ్ దుకాణంల నా పక్కన కూసున్నడు.

నన్నుగాక ఎవరిని అడుగుతడు. ముప్పై ఏండ్లు ఖనిల బండ కొట్టినోన్ని. సుత్తెతోని ఒక్కటేస్తే కంగుమంటదా, బండ మంచిది. మొద్దుగ మోగితే లోపల పగులున్నట్టు, పైకి ఏం కానరాదు.

"తలకాయ గూడ గంతే," అన్న. "ఏలు మడిచి కొట్టి ఇంటే, నొప్పి ఏ దినం వస్తదో తెలుస్తది. ముందుగాల యాలాల్ శాంతవ్వకు చెప్పిన, బేస్తారం వస్తదని. వచ్చింది."

"ఆమెకు దినాం వస్తది గద," అన్నడు టాంగా తోలే లతీఫ్.

"నడుమ మాట్లాడకు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఆ ముచ్చట వికారాబాద్ దాకా పోయింది. ఆడ విశ్వేశ్వర్ అని కంపౌండర్. డెబ్బై ఒకటిల నా మొఖం మీదనే నవ్విండు, బండలు కొట్టేటోనికి తలకాయల సంగతేం ఎరుక అని. నేను మర్వలే, ఇప్పటికి ఆయన గల్లీల నడువ. ఆ ఒక్క దినం మాత్రం సక్కగ పోయి ఆయన నెత్తి మీద ఒక్కటేసి, బుధారం పదకొండు గంటలకు, కుడిదిక్కు అన్న. పదకొండుకు కుడిదిక్కే పట్టుకున్నడు."

"నువ్వు కొట్టినందుకు కావచ్చు," అన్నడు లతీఫ్.

"కొట్టింది ఎడమదిక్కురా. ఇంక ఇను. పాసింజర్ బండి గీ టేషన్ల ఆగింది. కదిలేలోపల ఇంజన్ కాడికెల్లి గార్డు దాకా అందరి తలకాయలు కొట్టుకుంట పోయిన. నలభై రెండు మందికి బషీరాబాద్ల వస్తదన్న. ఆడ బండి ఆగుడే, నలభై రెండు మంది ఒక్కసారే నెత్తికి చెయ్యి పెట్టిన్రు. టేషన్ మాస్టర్ తనకే అనుకొని తిరిగి సలాం కొట్టిండు."

"ఇంజన్ను కొట్టలేదా?"

"కొట్టిన. దానికి గూడ సగం నొప్పే. డ్రైవర్ తువ్వాల తడిపి కడితేగని కదల్లే. అనంతగిరి గుట్టను కొట్టి, ఐతారం వస్తదన్న. ఐతారం పొద్దుగాల చూస్తే, గుట్ట మబ్బును మొఖం మీదికి గుంజుకొని పండుకున్నది, ఎండ పడనిస్తలేదు."

దేవప్ప నెత్తి ముందటికి వంచిండు. కొట్టిన. కంగుమన్నది. "రాదు. బేఫికర్ పో."

చాయ్ వడగట్టుకుంట ఖాదర్‌బీ అడిగింది, "దేవప్పా, ఇయ్యాల ఏమన్న తిన్నవా?"

"సోమారం గదక్కా, ఒక్కపొద్దు."

"నీ ఏలు చితికింది మంగళారమే. ఏడేండ్ల సంది చూస్తున్న, ఒక్కపొద్దు తెల్లారి గీ బల్ల మీద చెంప పట్టుకొని కూసుంటవు. రాత్రి సగం రొట్టెతోని లేవకు. పొద్దున గూడ తిన్నంకనే లారీ ఎక్కు."

దేవప్ప నా దిక్కు చూసిండు.

"నేను చెప్పింది గదే గద, పొమ్మని," అన్న.

"మీకైతే రేపు వస్తది, సోమన్నా," అన్నది ఖాదర్‌బీ.

"నా తలకాయ నువ్వు కొట్టలే గద."

"కొట్టుడెందుకు. పొద్దటి సంది ఆరు చాయ్‌లు తాగిన్రు, నీళ్ల చుక్క ముట్టలే, నోరు మూయలే. గిట్ల చేసిన దినమల్ల తెల్లారి నెత్తికి తువ్వాల కట్టుకొని వస్తరు. అడిగితే ఎండకు అంటరు."

లతీఫ్ నవ్విండు. వాన్ని గూడ విశ్వేశ్వర్ పక్కన, నేను మర్వనోళ్ల లెక్కల పెట్టుకున్న. లోటెడు నీళ్లు తాగిన. దూపై తాగిన, ఒకరు చెప్పిన్రని కాదు.

మంగళారం దేవప్ప ఇరవై బండలు ఎక్కిచ్చిండు, ఒక్కటి జారలే. రాదని చెప్పింది నేనే. నాకు గూడ రాలే. అది నీళ్లతోని మాత్రం కాదు.