గోళీ వేసిన కళ్ళు

కళ్ళజోడు పెట్టుకోవడానికి ఇంత ఏడుపేమిటే? ఇటు తిరుగు, చూడనీ. బాగానే ఉంది కదా, మీ పంతులమ్మలా ఉన్నావ్. మూతి ముడుచుకున్నది చాలు గానీ, మా గోళీ ఉండుంటే నిన్ను చూసి పడీ పడీ నవ్వేది. గోళీ ఎవరేంటి, నా చెల్లెలు, మీ నాన్నకి మేనత్త. నువ్వు పుట్టడానికి చాలా ముందే పోయిందిలే. అసలు పేరుతో మా అమ్మ కూడా పిలిచేది కాదు దాన్ని. కూర్చో. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది దానికి. ఇటు రా.

దానికప్పుడు మూడేళ్ళు, నాకు ఎనిమిదో తొమ్మిదో. ఒక సాయంత్రం అమ్మ దానికి తినిపిస్తూ, దీపం వెలుగులో ఎడమ కన్ను తెల్లగా మెరవడం చూసింది. చీకట్లో పిల్లి కన్ను మెరుస్తుందే, అలాగన్నమాట. ఆస్పత్రికి తీసుకెళ్తే కంట్లో గడ్డ, క్యాన్సర్ అన్నారు. ఆ రోజుల్లో ఆ మాట పైకి అనేవాళ్ళే కాదు, మా నాయనమ్మయితే గొంతు తగ్గించి 'ఆ జబ్బు' అనేది. కన్ను తీసేస్తే పిల్ల దక్కుతుంది, లేకపోతే లేదు, అంతే. నాన్న గోడకానుకుని కూర్చుండిపోయాడు. నాయనమ్మేమో 'ఒంటికన్ను ఆడపిల్లని రేపు ఎవరికిస్తార్రా' అని ఒకటే గొడవ. అమ్మ ఎవరితోనూ వాదించలేదు. సంచీలో రెండు గౌన్లు కుక్కి, పిల్లని చంకనేసుకుని, 'నాకు పిల్ల కావాలి, వచ్చేవాళ్ళు రండి' అని గడప దాటేసింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే పరిగెత్తా. కాసేపటికి నాన్నా వచ్చాడనుకో.

కన్ను తీసేశారు. ఆ తర్వాత మందులు, వాంతులు, అదంతా ఇప్పుడెందుకులే. బతికింది. ఒక పెట్టెలో రకరకాల కళ్ళు రెడీమేడ్‌గా ఉండేవి, అందులోంచి దగ్గరగా ఉన్నదొకటి తీసి పెట్టారు. దగ్గరగా అంటే, దీని కన్ను కాటుక నలుపు, పెట్టింది బూడిద రంగు. ఎప్పుడు చూసినా సగం మొహం ఆశ్చర్యపోతున్నట్టు ఉండేది. వీధిలో పిల్లలు గోళీ అని పేరు పెట్టేశారు. ఇంకొకత్తయితే ఇంట్లో దూరి ఏడ్చేది. ఇదేం చేసేదో తెలుసా, గోళీలాటలో ఓడిపోయేట్టుంటే టక్కున కన్ను తీసి అరచేతిలో పెట్టి 'ఇదిగో, నా పందెం ఇది' అనేది. ఇంకేముంది, అంతా పరుగో పరుగు. తీరిగ్గా గోళీలన్నీ గౌనులో మూటగట్టుకుని ఇంటికొచ్చేది. నవ్వు, నవ్వు. ఇప్పుడు నవ్వుతావు కదా. కానీ ఫోటో అంటే మాత్రం పక్కకి తిరిగి నిలబడేది. అది ఇంట్లో నేనొక్కణ్ణే గమనించా.

పెద్దయ్యాక కట్టుడు పళ్ళు చేసే ఆయన దగ్గర పనికి చేరింది. పళ్ళాయన అనేవాళ్ళం. ఊరందరికీ పళ్ళు చేసిపెడతాడు, తన నోట్లో మాత్రం ఒక్కటి లేదు. 'అవి పెట్టుకుంటే నాకు పని తోచదమ్మాయ్' అనేవాడు, ఆ అమ్మాయ్ అన్న మాట బుగ్గలు లోపలికి పీల్చి 'అమ్వాయ్' అని వచ్చేది. పళ్ళకి వాడే ప్లాస్టిక్ తోనే కన్నూ చేయొచ్చని ఆయనే చెప్పాడు. అంతే, ఇది పట్టుకుంది. పని అయిపోయాక అద్దం ముందు పెట్టుకుని, వెంట్రుకంత కుంచెతో తన కుడి కన్ను చూస్తూ ఎడమ కంటికి రంగులేయడం. నాకప్పుడు కుట్టుపని దుకాణం ఉండేది. వచ్చి ఎర్ర పట్టుదారం రీళ్ళు ఎత్తుకుపోయేది. 'ఎందుకే' అంటే, 'కంటికి ఎర్ర నరాలుండవా అన్నయ్యా, వాటికి' అనేది. దారాన్ని పోగులు పోగులుగా విడదీసి తెల్లగుడ్డు మీద అతికించేది. ఎన్ని పాడుచేసిందో. ఒకరోజు దుకాణానికొచ్చి మొహం ముందుకు చాపి నా ఎదురుగా నిలబడింది. నేను కత్తెర దించి, 'ఏంటి, ఇవాళ తల శుభ్రంగా దువ్వావా?' అన్నా. ఇంకేం మారిందో నాకు తెలియలేదు తల్లీ. అది నేల మీద కూర్చుని నవ్వింది చూడూ, బేరానికొచ్చిన వాళ్ళు బెదిరిపోయారు. మర్నాడే వెళ్ళి ఫోటో దిగింది. తిన్నగా, ఎదురుగా చూస్తూ.

ఎక్కడున్నా? ఆఁ, ఆస్పత్రి. దీని కన్ను సంగతి తెలిసి, కళ్ళు చేసిపెట్టమని పిల్లల డాక్టరమ్మ పిలిపించింది. చిన్నప్పుడు దీని కన్ను తీసిన ఆస్పత్రే, అదే వార్డు కింద చిన్న గది ఇచ్చారు. ఒకసారి నేను దారాలిద్దామని వెళ్ళా. ఒక లారీ డ్రైవరు కూతుర్ని భుజానేసుకుని విసవిసా వెళ్ళిపోతున్నాడు. పిల్లకి నాలుగేళ్ళుంటాయి, ఇదే జబ్బు. వెంటనే తీసేయాలి, ఆలస్యమైతే తలలోకి పాకుతుందని డాక్టరమ్మ వెనకాల నుంచి చెబుతూనే ఉంది. 'నా కూతురి కన్ను పీకనివ్వను' అంటాడు ఆయన. మెట్ల దగ్గర గోళీ అడ్డం నిలబడింది. 'అన్నా, ఒక్కసారి నా మొహం చూడు.' 'తప్పుకోమ్మా.' 'చూసే వెళ్ళు. నాకున్నది ఒక్క కన్నే. ఏది లేదో చెప్పు. సరిగ్గా చెప్తే నేనే నిన్ను బస్సెక్కిస్తా.' ఆయన విసుగ్గా చూశాడు. తర్వాత వంగి చూశాడు. ఇటునుంచోసారి, అటునుంచోసారి. చివరికి కుడి కన్ను చూపించాడు. 'అది మా అమ్మ ఇచ్చింది. నేను చేసుకున్నది ఇదీ' అని ఎడమ కంటి మీద గోరుతో టక్ టక్ మని కొట్టింది. ఆయన మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. భుజం మీది పిల్ల మాత్రం కిలకిలా నవ్వి, చెయ్యి చాపి, 'నేనూ కొడతా' అంది. 'కొడుదువుగానీ, ముందు డాక్టరమ్మ చెప్పినట్టు పడుకుంటావా?' 'ఊఁ.'

ఆ పిల్లా బతికింది. కన్ను చేసేటప్పుడు 'నాకు చుక్క ఉన్న కన్ను కావాలి' అని పేచీ. తండ్రేమో 'నల్లగానే వేయండమ్మా' అని బతిమాలడం. గోళీ ముందువైపు నల్లగా వేసి, లోపలివైపు ఎవరికీ కనబడకుండా చిన్న బంగారు చుక్క పెట్టింది. ఆ గడుగ్గాయి ఊరుకుంటుందా, వార్డంతా చాటింది. ఇక చూసుకో, ఒకడికి రైలు కావాలి, ఒకత్తికి తాబేలు. 'తాబేలంటే నాలుగు కాళ్ళు, తోక, నా ప్రాణం తీస్తున్నార్రా' అని తిడుతూనే భూతద్దం పెట్టుకుని వేసేది. ఎంతమందికి చేసిందో దానికే తెలియదు.

అది పోయే ముందు ఏడాది అనుకుంటా. అదే డ్రైవరు కూతురు, పెళ్ళయి, చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చింది. తల్లి నుంచి బిడ్డకి రావచ్చట ఆ జబ్బు. బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ భయంతో ఆ పిల్లకి నిద్రే లేదు. 'పైన డాక్టర్లు చూశారక్కా, ఏమీ లేదన్నారు. నువ్వూ చూసి చెప్పు' అంది. గోళీ కుంచె పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, బిడ్డని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. చూసింది. మళ్ళీ చూసింది. ఆ బుడ్డది దీని ముక్కు పట్టుకుని లాగుతోంది. 'రెండూ సొంతవే. నాకిక్కడ పనేం లేదు, తీసుకుపో' అంది గోళీ. అందే గానీ బిడ్డని ఇవ్వదే. ఆ పిల్ల చేతులు చాపుతుంది, ఇది ఇవ్వదు. బస్సు వేళైందంటారు, ఇవ్వదు.

...వాన మొదలైనట్టుంది. వెళ్ళి ఆ తీగ మీద బట్టలు తీసుకురా, పో.