రెండో చరణంలో తప్పు

కొన్నేళ్ల కిందటి దాడిలో ఓడతో పాటు మునిగిపోయిన నావికులకు ఏటా జరిపే నివాళి మర్నాడే. ఆ ఓడ బ్యాండులో మిగిలిన ఒకే ఒక్క మనిషి, ముసలి డ్రమ్మరు, ఇప్పటి బ్యాండులో కొత్తగా చేరిన ట్రంపెట్ అమ్మాయితో రేవు పక్క షెడ్డులో సాధన చేయిస్తున్నాడు.

"ఆగాగు తల్లీ! రెండో చరణంలో పైకెళ్లాల్సిన చోట కిందికి జారావు. ఎవరు నేర్పారు?"

"నాన్నే, బాబాయ్. సెలవులకొస్తే ఇల్లంతా అదిరేలా ఇదే వాయించేవాడు. పాటంటే ఇదే అనుకున్నా."

"మీ నాన్న ఓడలోనూ సరిగ్గా అక్కడే జారేవాడు! మా బ్యాండు మాస్టరు పాట ఆపేసి మరీ తిట్టేవారు. కెప్టెనేమో నవ్వాపుకోలేక టోపీ ముఖానికి అడ్డం పెట్టుకునేవారు."

"అయ్యో, రేపు అందరి ఇళ్ల వాళ్లూ వస్తారు. సాయంత్రానికల్లా దిద్దుకుంటాలే."

"దిద్దుకున్నావంటే ఈ డ్రమ్ము కర్రలతో నీ వీపు మీద వాయిస్తా!"

"అదేంటి?"

"మీ నాన్న చోటికి వచ్చిన ప్రతివాడికీ ఆ తప్పు నేర్పాలని ఏటా తంటాలు పడుతున్నా. ఒక్కడికీ రాలేదు. ఎంత చెప్పినా వెధవలు సరిగ్గానే వాయిస్తారు!"

"మరి రేపు జనం నవ్వితే?"

"నవ్వనీ. అక్కడికొచ్చేసరికి ఓడ ఓడంతా నవ్వేది. ఊఁ, మళ్లీ అందుకో."

పాట మళ్లీ మొదలై రెండో చరణం దాకా వచ్చింది.

"బాబాయ్, ఈసారీ అలాగే జారాగా? డ్రమ్ము ఆపేశావేం?"

"మాస్టరు తిడతారని ఆగానమ్మా. అలవాటు."