కొండా, చెరువా, జలపాతమా

హలో… ఆ, నేనేలే అన్నయ్యా. పొద్దున్నే నీకు ఇంకెవరు చేస్తారు.

…

పనిలోనే ఉన్నాను. ఫోను బల్లమీద పెట్టి మాట్లాడుతున్నా, చేతిలో ఆకురాయి ఉంది. గరగరమంటే కంగారు పడకు, ఎవరో పెద్దాయన పళ్ళసెట్టు. కింది దవడ… ఆ, నోరు తెరుచుకుని నావైపే చూస్తోంది. మన కబుర్లు వినాలని కాబోలు.

సరే, అసలు సంగతికి రా. రేపు ఆదివారం. ఎక్కడికెళ్దాం?

…

‘చూద్దాం’ అనకు. చలికాలం మొదలైనప్పటి నుంచీ చూద్దాం చూద్దాం అని చూస్తూనే ఉన్నాం. ఇంకాస్త చూస్తే ఎండలు వచ్చేస్తాయి. అప్పుడు ఎండ అంటావు. నిన్ను ఎరగనా.

పొద్దున్నే బయల్దేరి చీకటి పడేలోపు ఇల్లు చేరడం. అంతే. నువ్వూ, వదినా, నేనూ. కొండమీద కోటకి వెళ్దామా?

… మెట్లా. ఉంటాయి మరి, కోటకి లిఫ్టు పెట్టించలేదు ఆ రాజు. నువ్వప్పుడు పుట్టి ఉంటే నీ చేత పెట్టించుకునేవాడేమో.

… సరే, సరే. కోట వద్దు. పక్షుల చెరువు?

… తేమ. చెరువన్నాక తేమ ఉండదా అన్నయ్యా. ఎక్కడెక్కడి పక్షులో సముద్రాలు దాటి వచ్చి ఆ తేమలోనే నెలలు నెలలు కాపురం పెడుతున్నాయి. నీకు ఒక్క పూట పడదా.

… సరే, ఊపిరితిత్తులకి మంచిది కాదు. దెబ్బతిన్నది నీ గుండె కదా, ఊపిరితిత్తులు ఎప్పుడు ఫిర్యాదు చేశాయి?

… అబ్బే, వెటకారం కాదు. అడుగుతున్నా.

పోనీ సముద్రం. ఇసకలో కూర్చోవడమే, ఏ పనీ లేదు.

… గాలి. ఊఁ. తోటలో పళ్ళు కోసుకోవడం?… పురుగుమందులు. రైలెక్కి ఊరికే ఆ చివరిదాకా వెళ్ళి వచ్చేద్దామా, దిగకుండా?… కుదుపులు. భలే వాడివి. మేకపిల్లకి మేత వేస్తే వంద ఆకుల్లో ఒక్కటీ బాలేదందిట. నువ్వే చెప్పు ఇంక. ఏ ఊరైతే దొరగారికి సరిపడుతుంది?

…

ఆ ఊళ్ళో ఏముంది? పెద్ద బజారూ, కోర్టూ, మెడికల్ కాలేజీ తప్ప… చూడ్డానికి ఏమీ లేకపోయినా పర్లేదా. మొన్న కూడా ఏదో ఊరు చెప్పావు, అక్కడా మెడికల్ కాలేజీయే. నాకేం అర్థం కావట్లా—

ఆగు. ఆ మైకు ఏంటి వెనకాల?

… టీవీయా. టీవీలో ‘టోకెన్ నంబరు పదిహేడు, రక్తపరీక్షల గది దగ్గరికి రావాలి’ అని చెబుతారా? ఏ ఛానెలు అది, నేనూ పెట్టుకుంటాను.

…

అన్నయ్యా.

ఎక్కడున్నావు?

… పార్కులో. వాకింగ్‌లో. మరి చెట్లు ఎలా ఉన్నాయి? ఆకులు రాలుతున్నాయా, స్టెతస్కోపులు రాలుతున్నాయా?

… నవ్వకు. నవ్వితే దొరికిపోయినట్టే. నీకు ఆపరేషనైన ఆసుపత్రిలోనే ఉన్నావు నువ్వు. ఏమైంది? నెప్పి వచ్చిందా? వదినకి చెప్పావా?

… ఏమీ కాలేదా. నిజంగా?… నా మీద ఒట్టు?

… హమ్మయ్య. నా చేతిలోంచి దవడ జారి కింద పడింది, నీ పుణ్యమా అని. ఉండు… లేదు, విరగలేదు. గట్టి పిండం.

మరి ఏమీ కాకపోతే అక్కడేం చేస్తున్నావు పొద్దున్నే? మందులకా?… మందులు మొన్న నేనే తెచ్చాను. రిపోర్టులకా?… ఏ రిపోర్టులు? గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నావు.

…

ఎవరు పక్కన? ఎవరో ఆడమనిషి నవ్వుతోంది… ఏ సిస్టరు? వార్డులో నీకు సూదులు పొడిచిన సిస్టరా? ఇవ్వు ఫోను. ఇవ్వు అన్నయ్యా, ఆవిడే అడుగుతోందిగా.

నమస్తే సిస్టర్… ఆ, ఆయన చెల్లెల్నే. ఐసీయూ బయట మీతో గొడవపడ్డానే, ఆ చెల్లెల్ని… గుర్తుపెట్టుకున్నారా. సంతోషం.

… రోజూనా?

… ఆదివారాలు కూడానా.

… ఆ మూల బెంచీ. ఎమర్జెన్సీ తలుపు కనపడే వైపు… ఓహో. కొత్తగా వచ్చినవాళ్ళకి ఎక్స్‌రే గదికి దారి చూపిస్తున్నాడా. లిఫ్టు చప్పుడు తేడాగా ఉందని మీ ఆఫీసువాళ్ళని పిలిచాడా… నిజంగానే తేడాగా ఉందా. అది ఆయన పనేనండీ, లిఫ్టు మెకానిక్కు. అలవాటు ఎక్కడికి పోతుంది. మీవాళ్ళతో చెప్పి జీతం ఇప్పించండి, ఇంట్లో వదిన సంతోషిస్తుంది.

సిస్టర్, ఒక మాట. దాచకుండా చెప్పండి. ఈయన ఒక పూట ఊరు దాటి వెళ్ళొచ్చా?

… వెళ్ళొచ్చు. మందులు వెంట ఉంటే చాలు… నడవచ్చు. మెట్లు?… నిదానంగా, ఆగి ఆగి… ఆ మాట పెద్ద డాక్టరుగారు చెప్పారా? ఎప్పుడు?… పోయిన నెలా? ఈయనతోనే?

అదేంటండీ. మా ఇంట్లో ‘కదలొద్దన్నారు’ అని చెప్పాడే.

… అయ్యో, మీరు చెప్పినందుకు ఏమీ అనుకోడు. అనుకున్నా నేను చూసుకుంటాను. ఫోను ఒకసారి ఇటు ఇవ్వండి సిస్టర్. చాలా థాంక్సండీ.

…

విన్నాను అన్నీ.

… లేదు, తిట్టను.

… నవ్వట్లేదు కూడా. ఆకురాయి కూడా పక్కన పెట్టేశాను. తలుపు దగ్గరికి వేసి వచ్చాను. ఎవరూ లేరు, నేనూ ఈ దవడలే. చెప్పు.

…

ఊఁ.

… ఇంట్లో పడుకుంటే దిండులోంచి చప్పుడు వినపడుతోందా… గుండెదేలే, ఇంకేం చప్పుడు. దాన్నే వింటూ పడుకుంటావు… మధ్యలో ఒకటి తప్పినట్టుంటే లేచి కూర్చుంటావు. వదిన లేస్తుందని లైటు కూడా వేయవు.

…

ఆ ఎమర్జెన్సీ తలుపు కళ్ళ ముందుంటే అప్పుడు కాస్త కునుకు పడుతోంది. బెంచీమీద, కూర్చునే.

…

పిచ్చి అని నేను అన్నానా? నువ్వే అనుకుని నువ్వే బాధపడితే ఎలా… కాదు అన్నయ్యా. ఇరవై అంతస్తుల లిఫ్టు గోతిలో ఒక్క బెల్టుకి వేలాడిన మనిషివి, కింద నిలబడ్డ మేం భయపడేవాళ్ళం గానీ నీకేం ఉండేది కాదు. అందుకని అడుగుతున్నా.

… ఆ బెల్టు నువ్వే బిగించుకునేవాడివి. రెండుసార్లు లాగి చూసుకునేవాడివి… ఈ గుండెని ఆపరేషన్లో ఎవరో బిగించారు. నువ్వు మత్తులో ఉన్నావు. మూత తీసి చూసుకోవడానికి లేదు.

… అదీ నిజమే. నాకది తట్టలేదు.

…

ఉన్నాను. వింటున్నాను. కింద పడ్డ దవడకి అంటిన ప్లాస్టరు దుమ్ము తుడుస్తున్నా.

అయినా నీకో సంగతి చెప్పనా. నీ దొంగతనం వదిన ఎప్పుడో పట్టేసింది… నేను చెప్పలేదు, నాకే ఇప్పుడు తెలిసింది. మొన్న నన్ను అడిగింది— ‘మీ అన్నయ్య పార్కుకెళ్ళి వస్తాడు, చెప్పులకి రవ్వంత మట్టి ఉండదు. గాల్లో నడుస్తాడా?’ అని. నేను నవ్వేశాను. పైగా నీ చొక్కాకి డెట్టాలు వాసన అట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే నీదే.

… కోపం లేదు ఆవిడకి. నువ్వే చెబుతావేమోనని చూస్తోంది. చెప్పు ఇవాళ. నేను చెప్పను, అది మీ మొగుడూ పెళ్ళాల సంగతి.

… సరే. మాట ఇచ్చావు.

ఇంతకీ ఏంటా చప్పుడు? హారన్లు… ఎక్కడున్నావు? నడుస్తున్నావా నువ్వు?

… గేటు దాటావా? ఎప్పుడు దాటావు?

… నాతో మాట్లాడుతూనే. అబ్బో. అయితే ఆగు. ఆగు అన్నయ్యా, రొప్పుతున్నావు. అక్కడ ఎక్కడైనా కూర్చో. మందులషాపు ముందు కుర్చీ ఉంటుంది… దాటేశావా. వెనక్కి వెళ్ళు, దగ్గరేగా. ఆటో పిలువు. జేబులో మాత్ర ఉందా? నాలిక కింద పెట్టుకునేది— ఉందో లేదో తడిమి చూడు. చూశావా? చెప్పవేం?

…

ఏంటి నవ్వు?

… ఎవరికి? నాకా భయం? నాకేం భయం, నేను జాగ్రత్త చెబుతున్నా.

… రోజూ ఈ వేళకే చేస్తాను, అయితే ఏంటి? ఖాళీ దొరికేది అప్పుడే.

… ఖాళీ లేకుండానే చేస్తాను. ఆకురాయి చప్పుడు వినపడుతోందంటావు. ఊఁ.

… పోయిన వారం అనుకున్న జలపాతమా. ఎవరు వద్దన్నారు? నువ్వే కదూ—

…

నేనే అన్నానా.

… అక్కడ సిగ్నల్ ఉండదు అన్నాను. అది మామూలు మాటే కదా, ఎవరైనా అంటారు… కొండ నువ్వు వద్దంటే హమ్మయ్య అన్నట్టు వెంటనే చెరువుకి వెళ్ళిపోయానా? చెరువు వద్దంటే సముద్రం? నీ చేత వద్దనిపించడానికే అడుగుతున్నట్టు ఉందా?

… బాగానే పట్టావు.

…

ఉండు, కాస్త నీళ్ళు తాగనీ.

సరే, చెబుతాను. నవ్వితే ఫోను పెట్టేస్తా. ఆ రోజు పొద్దున నువ్వు ఫోను ఎత్తలేదు. మూడుసార్లు చేశాను. పనిలో ఉన్నాడులే, గోతిలో దిగి ఉంటాడులే అనుకుని అరటిపండు తింటూ కూర్చున్నాను ఇక్కడే, ఈ స్టూలు మీదే. నువ్వేమో ఆ వేళకి అంబులెన్సులో ఉన్నావు… నీ తప్పని కాదు. ఇంక అప్పటినుంచీ, పొద్దున్నే నువ్వు ‘హలో’ అంటే గానీ నా చెయ్యి పని మీదికి పోదు. ఊరికే ‘ఉన్నావా’ అని రోజూ అడిగితే బాగోదుగా. అందుకని ఆదివారం ఎక్కడికెళ్దాం అని అడుగుతూ వచ్చాను. ఎక్కడికో ఒకచోటికి ఖాయమైపోతే మర్నాడు ఏం అడగాలో తెలీదు.

… ఆ, నీది బెంచీ. నాది ఫోను. దొందూ దొందే.

… నవ్వొద్దన్నానా.

… సరే, నవ్వు. నాకూ నవ్వొస్తోంది. ఒకళ్ళనొకళ్ళం వెర్రివాళ్ళని చేశాం అనుకున్నాం, మనం.

…

ఇప్పుడెక్కడ? టీకొట్టు దగ్గర కూర్చున్నావా. అక్కడినుంచి ఆసుపత్రి కనపడుతోందా?… లేదు. మలుపు తిరిగేశావు… ఎలా ఉంది?

… చప్పుడుగా ఉందిట. ఎక్కడ, లోపలా బయటా?

… బయట. మంచిది. టీలో పంచదార వద్దని చెప్పు.

… చలిగాలి తగిలితే బాగుందా. మొదటిసారి విన్నాను ఈ మధ్య నీ నోటినుంచి ‘బాగుంది’ అని.

అయితే రేపటి సంగతి తేల్చు. నువ్వే చెప్పు ఈసారి, నేను మాట్లాడను. కొండా, చెరువా, జలపాతమా?

…

జలపాతం.

… కావాలనే అంటున్నావు.

… బస్సు దగ్గరిదాకా పోతుంది, మెట్లు లేవు, చదునైన దారి. అవును, అన్నీ నిజమే. చలికాలం కాబట్టి నీళ్ళు సన్నగా ఉంటాయి, జనం ఉండరు… అవును అన్నయ్యా, ఒప్పుకుంటున్నా. కానీ ఏదైనా అయితే—

…

అక్కడా మనుషులుంటారు. బస్సులుంటాయి. వదిన ఉంటుంది… నేనుంటాను.

… నువ్వు నా పక్కనే ఉంటావు, నాకు ఫోనెందుకు అంటావు.

…

ఊఁ. అదీ మాటే.

సరే. జలపాతం. పొద్దున్నే మొదటి బస్సుకి. వదినకి నువ్వే చెప్పు, పార్కు సంగతి ముందు చెప్పి, ఆ తరవాత ఇది. తిట్టాక దుప్పట్లూ ఫ్లాస్కూ ఆవిడే సర్దేస్తుంది. నేను పల్లీలు వేయించి తెస్తాను… ఉప్పు లేకుండానే. అదొక్కటీ నా పెత్తనం.

… ఏం షరతు?

… రేపు పొద్దున నీకు ఫోను చెయ్యకూడదా? లేచావా అని కూడా?

… తిన్నగా బస్టాండుకి రావాలి. నువ్వు అక్కడ ఉంటావు. అంతవరకూ చెయ్యకూడదు.

…

కష్టం అన్నయ్యా.

… నీకు మాత్రం తేలికా, అవునులే. రేపు ఆ బెంచీ ఖాళీగా ఉండాలి మరి. సిస్టరుకి ఫోను చేసి కనుక్కుంటాను… చెయ్యను, చెయ్యను. ఊరికే అన్నా.

సరే, ఒప్పుకున్నాను.

… ఇప్పుడా? ఇప్పుడే ఫోను పెట్టెయ్యడం ఎందుకు, ఇంటికి చేరేదాకా మాట్లాడుతూ నడువు… ఒక్కడివే నడుస్తావా. ఎంత దూరమని.

… ఊఁ.

… అయితే నువ్వే పెట్టెయ్. నేను పెట్టలేను.

…

నేనే పెట్టాలా. సరే. టీ తాగు నిదానంగా. రోడ్డు దాటేప్పుడు రెండువైపులా— చూస్తావులే. యాభై ఏళ్ళ నుంచీ దాటుతున్నావు.

… ఆ. బస్టాండులో కలుద్దాం.

ఇదిగో, పెట్టేస్తున్నా… పెట్టేశాను అన్నయ్యా, ఇంక మాట్లాడకు.