మీట ఉన్న పిస్తోలు

హలో… చెప్పు యిట్కా… ఆ, నేనేనే. వ్లాస్తానే. ఈ ఇంట్లో ఫోన్ ఇంకెవరెత్తుతారు?

…

ఆ, ఓవెన్‌లోనే ఉన్నాయి. గసగసాల బన్నులు. పిస్తోలు పోటీలోంచి ఎవర్ని బయటికి పంపించేస్తే వాళ్లే క్లబ్బు మొత్తానికి బన్నులు చేసి పెట్టాలన్నది మన రూలేగా… నవ్వకు. ఇన్నేళ్లలో నాకిదే మొదటిసారి.

…

లేదే, ఏడవట్లేదు. ఏడ్చేదంతా నిన్ననే అయిపోయింది.

…

బొటనవేలా? అలాగే ఉంది. వంగదు. మీ ద్రాక్ష గానుగలో నలిగినప్పట్నుంచీ వంగిందెప్పుడు?… ఆ, పక్కన నిలబడి చూసిందానివి, నీకు తెలీదూ!

— ఆగు. ముందు నన్ను అడగనీ. కొత్త పిస్తోలు కొనేముందు నీ దగ్గరికే వచ్చానా లేదా? మీట ఉన్నది తీసుకోనా, సేఫ్టీ ఉన్నది తీసుకోనా అని అడిగానా? నువ్వేమన్నావు?

…

ఆ, అదే. "మీట పోలీసుల సోకు. సేఫ్టీదే తీసుకో, నేనూ అదే కొంటున్నా."

— మంచిదే! పిస్తోలుని నేనేమీ అనట్లేదు. కానీ మన పోటీలో మొదలెట్టేముందు గుండు లోపలుంచి, దాన్ని కొట్టే హ్యామర్ కిందికి దించి నిలబడాలా, వద్దా?… మీట ఉంటే, నొక్కితే చాలు, అదే దిగుతుంది. నాదాన్లో మీటేదీ? బొటనవేలితో హ్యామర్ ఆపి పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా దించుకోవాలి. ఈ వేలితోనే తల్లీ!

…

జారింది. పిస్తోలు పేలి, గుండు వెళ్లి మట్టిగట్టులో దిగింది. రిఫరీ "ఆపండి" అన్నాడు. జట్టులో ఆడవాళ్లకున్నది ఒక్క చోటు, అది నీదైపోయింది.

…

దానికి కాదే నా బాధ! నా తర్వాత నీ వంతు. బల్ల మీద కూర్చుని చూశాను. నీ చేతిలో ఉన్నది మీట ఉన్న పిస్తోలు, యిట్కా. టక్కున నొక్కావు. దాని వంక చూడను కూడా చూళ్లేదు.

…

మీ ఆయన మొయ్మీర్ కొనిచ్చాడా? మొన్ననా?… అబద్ధమాడితే అతికినట్టుండాలే. పొద్దున్నే హీనెక్ గారి తుపాకుల కొట్టుకి వెళ్లొచ్చాను.

…

మీటది ఒక్కటే మిగిలితే, నా కోసమే పక్కన పెట్టాడట పెద్దమనిషి. "మీరు వద్దన్నారటగా అమ్మా, మీ స్నేహితురాలొచ్చి చెప్పి తనే పట్టుకెళ్లింది" అన్నాడు. ఏమనను? అవునండీ, వద్దన్నాను అని తలూపి వచ్చేశాను. నీ పరువు కూడా నేనే కాపాడాలి.

…

తడిగుడ్డతో గొంతు కోశావు కదే. ఎవరో కోస్తే ఇంత నొప్పుండేది కాదు.

…

భయమేసిందా? నేను గెలుస్తాననా?… గెలిచేదాన్నేమో. ఓడిపోయినా నీ కోసం చప్పట్లు కొట్టేదాన్ని. 

— వద్దు. ఆ పిస్తోలు నాకేం తెచ్చివ్వక్కర్లేదు. నువ్వే పెట్టుకో.

…

కోతకా? మీ ద్రాక్ష కోతకి ఈసారి నేను రాను. వేరే చేతులు చూసుకో.

…

ఏమిటీ, మళ్లీ చెప్పు… జారుతుందని అనుకోలేదా? ఒట్టా? మొయ్మీర్ మీద ఒట్టా?

— ఒట్లు పెట్టకు యిట్కా. మా ఆయన ఫోన్‌లో వీడియో తీశాడు. రాత్రి నుంచీ అదే చూస్తున్నాను. నేను హ్యామర్ దించుతున్నాను. వెనకాల మనవాళ్లంతా నిలబడ్డారు, అందరూ స్కోరు బోర్డు వంకే చూస్తున్నారు…

నువ్వొక్కదానివే నా బొటనవేలి వంక చూస్తున్నావు.

…

యిట్కా?

…

హలో?… హలో…

పెట్టేసిందండీ. ఆ ఓవెన్ కాస్త ఆపండి, బన్నులు మాడుతున్నాయి.