సలహా ముందు, పరీక్ష తరువాత: హెర్మీన్ వోల్టెరింక్ గారి బడి జీవితం

1984 ఆగస్టు 20వ తేదీ, సోమవారం ఉదయం, నెదర్లాండ్స్‌లోని ఆల్మెలో పట్టణంలో ఉన్న మన ప్రాథమిక పాఠశాలలో శ్రీమతి హెర్మీన్ వోల్టెరింక్ గారు ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. ఆ రోజు చూపించిన కుర్చీ మీద సంచి పెట్టి, తాను మాత్రం కిటికీకీ నల్లబల్లకూ మధ్య నడుస్తూనే పాఠం చెప్పారట. పదవీ విరమణ చేస్తున్న నేటి వరకు ఆమె తరగతిలో స్థిమితంగా కూర్చోగా చూసినవారు మనలో ఎవరూ లేరు.

తొలి సంవత్సరాలలో చిన్న తరగతులకు చదవడం నేర్పారు. మూతపడుతున్న బట్టల మిల్లుల నుంచి పని పోయి వచ్చిన తండ్రులు గేటు దగ్గర నిలబడి ఉంటే, సైకిలు దిగి వారితో మాట్లాడకుండా ఏనాడూ లోపలికి రాలేదు. తొంభైల చివర ఆమెకు ఎనిమిదవ తరగతి, అంటే పన్నెండేళ్ల పిల్లలు మన బడి విడిచి వెళ్లే తరగతి, అప్పగించారు. అశాంతి అక్కడే ఆమెలో స్థిరనివాసం ఏర్పరచుకుంది.

ఆ తరగతి ఆచారం మనందరికీ తెలిసినదే. చలికాలం చివర ఉపాధ్యాయులు తల్లిదండ్రులను పిలిచి, బిడ్డను వృత్తివిద్య బడికి పంపాలో, విశ్వవిద్యాలయానికి దారితీసే పై బడికి పంపాలో సలహా చెబుతారు. ఆ మాట మోసుకుంటూ పిల్లలు వసంతంలో పరీక్ష రాస్తారు. ఫలితం సలహాతో సరిపోయినప్పుడల్లా మనం సంతోషించేవాళ్లం. ఆమె మాత్రం, సరిపోయిన కొద్దీ ఎక్కువ కలవరపడేవారు.

2016లో జరిగిన ఒక సంగతిని ఇక్కడ చెప్పాలి. “అది రాయకపోతే నేను వీడ్కోలు కేకు ముట్టను,” అని ఆమే పట్టుబట్టారు.

సెవ్‌గుల్ ఆ సంవత్సరం ఆమె విద్యార్థిని, ఒక రొట్టెల కర్మాగారంలో పనిచేసే తుర్కీ కార్మికుని కుమార్తె. లెక్కల్లో చురుకు. ఇంట్లో చదువు చెప్పేవారు లేరు, పై బడిలో వెనకబడితే మనసు విరిగిపోతుందన్న జాలితో హెర్మీన్ గారు వృత్తివిద్య బడిని సూచించారు. తండ్రి టోపీ ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

“మీకు తెలియంది మాకేం తెలుస్తుంది టీచరుగారూ! మీరు ఎక్కడికంటే అక్కడికే పంపుతాం.”

ఆయన ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండునని, ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆమె దారంతా అనుకున్నారు. ఆయన నమ్మకమే ఆమెను ఎక్కువ గుచ్చింది.

వసంతంలో సెవ్‌గుల్ సగం ప్రశ్నలు ఖాళీగా వదిలేసింది. శరదృతువులో అలాంటి లెక్కలే తరగతిలో అందరికంటే ముందు చేసిన పిల్ల.

“ఇవి నీకు రావా?” అన్నారు హెర్మీన్ గారు.

“వచ్చనుకున్నాను టీచర్. కానీ అవి పై బడికెళ్లేవాళ్ల లెక్కలు కదా. మీకు తెలిసే కదా అట్లా చెప్పారు!”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. పిల్ల ఒక సమాచారం చెప్పినట్లు చెప్పింది.

అప్పటి ప్రధానోపాధ్యాయులు బెరెండ్ స్లోట్ గారి గదిలో ఆమె ఈ మూల నుంచి ఆ మూలకు తిరగసాగారు.

“కూర్చో హెర్మీన్, తల తిరిగిపోతోంది నాకు. నీ సలహా, దాని మార్కులు ఒకటేగా? ఇంకేంటి గొడవ?”

“అదే గొడవ బెరెండ్! నేను చెప్పిందే అది నాకు తిరిగి అప్పజెప్పింది. అది పరీక్ష ఎట్లా అవుతుంది?”

“మరయితే రుజువు పట్టుకురా.”

మరునాడు, వాడని ఒక పాత ప్రశ్నపత్రాన్ని ఆమె సెవ్‌గుల్ ముందు పెట్టారు. “వచ్చే ఏడు పిల్లలకిద్దామనుకుంటున్నా. ప్రశ్నలు బాగున్నాయో లేదో చేసి చెప్పవే. మార్కుల్లేవు, పేరు కూడా రాయక్కర్లేదు.” ఆ అమ్మాయి పెన్సిలు కొరుకుతూ మొదలుపెట్టింది. చివరికి తల ఎత్తి, “ఈ ఒక్కటి బాలేదు టీచర్. జవాబులు రెండొస్తున్నాయి,” అంది. నిజంగానే రెండు వస్తున్నాయి. మిగిలినవన్నీ ఆమె సరిగానే చేసింది.

బెరెండ్ గారు ఆ కాగితాలు చాలాసేపు చూసి, కాఫీ తెప్పించి, సలహా మార్పుపై సంతకం చేశారు. సెవ్‌గుల్ పై బడిలో చేరింది.

ఇక్కడితో కథ ముగిస్తే ఈ వ్యాసం అందంగా ఉండేది. హెర్మీన్ గారు ఒప్పుకోరు. రెండవ ఏట సెవ్‌గుల్ తప్పింది. శనివారం సంతలో ఎదురుపడి, తప్పించుకుపోబోయింది.

“ఏమే, చూడనట్టు పోతున్నావ్?”

“మీ పరువు తీశాను కదా టీచర్.”

పెద్ద ఆశ కూడా పిల్లల వీపు మీద బరువేనని ఆమెకు ఆ క్షణాన తెలిసింది. “నా పరువు నీకెవరిచ్చారే మోయమని? దించెయ్ ముందు. వేయించిన చేప తింటావా?”

ఇద్దరూ బండి పక్కన నిలబడి తిన్నారు. చదువు ఊసెత్తలేదు. ఆ తరువాత సెవ్‌గుల్ అదే తరగతి మళ్లీ చదివి, తన దారిన తాను ముందుకు పోయింది.

ఆనాటి నుంచి మన బడిలో పరీక్ష ముగిసే వరకు సలహాపై చివరి మాట చెప్పరాదని హెర్మీన్ గారు పట్టుబట్టి సాధించారు. చెప్పవలసి వస్తే, “ఇది నా ఊహ, తప్పు కావచ్చు,” అని పిల్లల ఎదుటే అనాలి. మొదట ఇది మనకు నామోషీగా తోచింది. ఇప్పుడు నోటికి అలవాటైంది.

ఈ సంచిక కోసం సెవ్‌గుల్‌ను కలిసినప్పుడు, ప్రస్తుతం ఏం చదువుతున్నదో రాయవద్దని కోరింది. “రాస్తే మళ్లీ అందరూ ఎదురుచూడ్డం మొదలెడతారు,” అని నవ్వింది. ఆమె కోరిక మన్నిస్తున్నాం.

విశ్రాంత జీవితంలో హెర్మీన్ గారు తోట పెంచుతారని కొందరు, మనవలతో గడుపుతారని కొందరు, నెల తిరగక ముందే బడి గేటు దగ్గర కనిపిస్తారని మరికొందరు ఇప్పటికే నిర్ణయించేశారు. ఆమెకు చక్కని ఆరోగ్యాన్ని, అలుపెరుగని కాళ్లను, సుదీర్ఘమైన ఆయుష్షును మనసారా కోరుకుంటున్నాం. ఆ కాళ్లు ఎటు నడవాలో మాత్రం మనం చెప్పబోవడం లేదు.