స్ప్రింగుల డబ్బా

వంటింటి బల్ల మీద షుగర్ చూసే మిషన్. బల్లకు ఒక పక్క వాచీలు బాగుచేసే ఆయన, ఇంకో పక్క ఆయన భార్య. పదింటికల్లా ఆయన డాక్టరు దగ్గర ఉండాలి.

“మళ్ళీ అడుగుతున్నాను. రెండొందల అరవై నాలుగు ఎలా వచ్చింది?”

“మళ్ళీ చెబుతున్నాను. మిషన్ తప్పు.”

“పరగడుపున చూశానండీ. అప్పటికి మీరు కాఫీ కూడా తాగలేదు.”

“నేననేదీ అదే. తాగని కాఫీకి షుగరెలా వస్తుంది?”

“నిన్న ఏం తిన్నారు?”

“నువ్వు పెట్టిందే. ఉడకేసిన ముక్కలు. దాన్ని భోజనం అంటే ఆ కూరగాయలే నవ్వుతాయి.”

“నేను పెట్టింది కాక?”

“నీ తిట్లు.”

“వేళాకోళం తర్వాత. ఈసారి తగ్గకపోతే ఇంజెక్షనే అన్నాడు డాక్టరు. గుర్తుందా?”

“గుర్తు లేకేం? రోజూ నా పొట్టలో నేనే పొడుచుకోవాలట. పగవాడికైనా చెప్పే పనా అది?”

“మరి చెప్పండి.”

“ఏం చెప్పమంటావు? ముప్పై ఏళ్ళుగా వాచీలు విప్పుతున్నాను. మిషన్లు ఎంత అబద్ధాలకోర్లో నాకు తెలిసినట్టు నీకు తెలీదు. నిక్షేపంలా టిక్కుటిక్కుమంటూనే అరగంట వెనకుంటాయి.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికి మీలాంటివాడు.”

“నా మద్దెల నిజంగానే ఓడు. బాటరీ అయిపోయుంటుంది.”

“నిన్ననే మార్చారు. మీరే, మీ చేత్తోనే.”

“అయితే ఆ స్ట్రిప్పులు పాతవి.”

“మొన్న తెచ్చినవి. ఉండండి, కాసిని నీళ్ళు తాగనివ్వండి.”

“మళ్ళీనా? పొద్దుట్నుంచి అది మూడో సీసా. నన్ను తిట్టడానికి గొంతు తడుపుకుంటున్నావా?”

“అలాగే అనుకోండి. ఒక్కటి సూటిగా చెప్పండి. నేను పెట్టింది కాక మీరు నిజంగా ఏమీ తినలేదా?”

“లేదు.”

“అంటే మిషనే తప్పంటారు.”

“నూటికి నూరుపాళ్ళు.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“ఊరికే కాదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పండి.”

“నీ నెత్తెందుకు మధ్యలో? మిషన్ మీద పెడతాను.”

“నా నెత్తి మీదే. పెట్టారంటే ఈ క్షణమే దీన్ని చెత్తబుట్టలో పడేస్తాను. మళ్ళీ మిమ్మల్ని పల్లెత్తు మాట అనను.”

“పడేస్తావా?”

“సంతోషంగా పడేస్తాను.”

“సంతోషమేమిటి? నిన్నటిదాకా దాన్ని పసిపిల్లలా గుడ్డలో చుట్టి దాచావుగా!”

“చెయ్యి పెట్టండి.”

“ఇదేం పేచీ పొద్దున్నే! సరే. ఒక బిస్కెట్టు.”

“ఒకటేనా?”

“ఒకటే. ఒకటే పాకెట్టు.”

“ఎక్కడ?”

“కొట్లో. డబ్బాలో.”

“ఏ డబ్బా? పాత స్ప్రింగులు అని చీటీ అంటించారే, అదా?”

“నీకెలా తెలుసు?”

“మొన్న మీకు కారియర్ తెచ్చినప్పుడు చూశాను, దానికి చీమలు బారులు తీరాయి. స్ప్రింగులు తినే చీమలేమిటా అనుకున్నాను. ఇంకా?”

“పక్క బేకరీ ఆయన గోడగడియారం బాగుచేశాను కదా, అభిమానం కొద్దీ కేకు పంపాడు.”

“ఎన్నిసార్లు?”

“గడియారం మాటిమాటికీ ఆగిపోతోంది.”

“మీరే ఆపుతున్నారా?”

“నన్ను అంత నీచుణ్ణనుకున్నావా? ఒకసారి ఆపాను. మహా అయితే రెండుసార్లు.”

“ఇంట్లోనో?”

“ఇంట్లో ఏం దొరుకుతుంది మహాతల్లీ? పంచదార మీద ఈగను కూడా వాలనివ్వవు. పోయిన వారం మా చెల్లెలు తెచ్చిన స్వీట్ల పెట్టె ఎక్కడ దాచావో, ఇల్లంతా గాలించినా కనపడలేదు.”

“అంటే గాలించారన్నమాట. మరి జామ్ సీసా?”

“దాన్నెవడు ముట్టుకున్నాడు? రోజూ చెంచా వెనకవైపుతో పైన సమం చేసే పెడుతున్నాను కదా!”

“అందుకే తెలిసింది. నేను తీస్తే గుంటలు పడతాయి. మీరు తీశాక అద్దంలా ఉంటుంది.”

“సరే, దొరికిపోయాను. నిన్న సాయంత్రం రెండు కేకులు, సగం పాకెట్టు బిస్కెట్లు, ఇంటికొచ్చాక మూడు చెంచాల జామ్. చాలా? మిషన్ నిజమే చెప్పింది, నేనే అబద్ధాలకోరుని. డాక్టరు ముందు కూడా ఒప్పుకుంటాను, పద.”

“అంటే... మిషన్ సరిగ్గానే ఉందంటారు.”

“సెకను కూడా తేడా లేదు. అదేమిటి, అలా కూలబడ్డావు? గెలిచావు కదా!”

“మీరు స్నానానికి వెళ్ళినప్పుడు నా వేలు కూడా గుచ్చుకున్నాను.”

“నువ్వా? నీకెందుకు?”

“మిషన్ తప్పు, మిషన్ తప్పు అని నా ప్రాణం తీస్తున్నారుగా. ఏ జబ్బూ లేని మనిషికి ఎంత చూపిస్తుందో మీకు చూపించి నోరు మూయిద్దామని.”

“ఎంత చూపించింది?”

“మూడొందల పది.”

“నీకా? నీకెలా వస్తుంది?”

“ఇంటికొచ్చిన స్వీటల్లా మీకు దొరక్కుండా ఎక్కడ దాచనండీ? బీరువా తెరుస్తారు, బియ్యం డబ్బాలో చెయ్యి పెడతారు. పారేయడానికి నాకు మనసొప్పదు. మీ చెయ్యి పోని చోటు నా కడుపొక్కటే కనపడింది.”

“మా చెల్లెలు తెచ్చిన పెట్టె?”

“రెండు రోజుల్లో అయిపోయింది.”

“అందుకా మూడు సీసాల నీళ్ళు...”

“ఇన్నేళ్ళ కాపురంలో ఇవాళ మొదటిసారి కోరుకున్నాను, మీరు చెప్పేది నిజమైతే బాగుండునని. మీకేమో ఇవాళే నిజం చెప్పాలనిపించింది.”

“ఏయ్, ఏడవకు. చెప్పులేసుకో, డాక్టరు దగ్గర నీ పేరు కూడా రాయిద్దాం. ముందు ఇటు చూడు.”

“ఏమిటి చూసేది?”

“నీ నెత్తి మీద పెట్టమంటే అబద్ధం రావట్లేదు. ఇదిగో, నా నెత్తి మీదే పెట్టుకున్నాను. ఒట్టు, నేనేమీ తినలేదు. మిషనే తప్పు.”