తోమిన గొట్టం

ఢిల్లీ ద్వారకలో మూడో అంతస్తు ఫ్లాటు. ఉదయం తొమ్మిదింటికి కింద ఆఫీసు కారు హారను కొడుతోంది. ఫరీదాబాదు ఫ్యాక్టరీలో ఇంజనీరైన జనార్దనరావు బాల్కనీ అంతా వెతికి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. సరోజిని మాత్రం ఎప్పుడో వేగిపోయిన పోపునే తదేకంగా చూస్తోంది.

“గొట్టమంటే ఏ గొట్టం?”

“పాత పేపర్లో చుట్టి బాల్కనీలో పెట్టిందే. జానెడు పొడుగు, స్టీలుది.”

“అచ్ఛా, అదా. ఉంది లెండి. ముందు ఇడ్లీ తినండి.”

“ఎక్కడుంది?”

“భద్రంగానే ఉంది.”

“భద్రంగా అంటే ఎక్కడ సరోజినీ?”

“గిన్నెల బుట్టలో. బోర్లించాను.”

“బోర్లించడం దేనికి?”

“నీళ్ళు ఓడడానికి.”

“కడిగావా?”

“తోమాను. చింతపండు పెట్టి.”

“నలభై రోజుల పరీక్షలో చేరిన దుమ్ము అది.”

“అందుకే అంతసేపు పట్టింది. ఆర్నెల్లుగా జంతికల గొట్టం తెమ్మంటున్నాను కదా, తెచ్చి చెప్పడం మరిచిపోయారనుకున్నాను. చిల్లులు కనపడలేదు. సరే, మీ బేరం సంగతి తెలిసిందేగా.”

“ఆ చిల్లులు కంటికి ఆనవు. లోహప్పొడిని నొక్కి కాల్చి చేసింది. మా కొలిమి పొగ వేడికి గుడ్డ సంచులు మాడిపోతాయి. దీనికైతే దుమ్ము పైనే ఆగిపోతుంది, పొగ శుభ్రమై లోపలికి పోతుంది. పొగ ఎక్కువని ఫ్యాక్టరీకి సీలేసిన కాలుష్య కమిటీ, పరీక్షకని ఒక్క కొలిమే వెలిగించనిచ్చింది. ఆ దుమ్ము చూపిస్తేనే సీలు తీస్తారు.”

“ఎప్పుడు?”

“ఇవాళే, పదకొండింటికి. నూట నలభై మంది గేటు దగ్గర కూర్చుని ఉంటారు.”

“ఇంకోటి లేదూ?”

“ఒక్కటే. అక్కడ పెడితే ఎవరైనా ముట్టుకుంటారని ఇంటికి తెచ్చాను.”

“మా ఆవిడ అమాయకురాలని చెప్పండి.”

“నిన్ను చూసినవాళ్ళెవరూ నమ్మరు.”

“కూర్చోండి. ఇడ్లీ చల్లారిపోతోంది.”

“ఆగు, ఆగు. పైన దుమ్ము పోతే పోనీ. ఫోటోలున్నాయి. వాళ్ళు అసలు చూసేది లోపల. లోపలికి నలక కూడా పోలేదని రిపోర్టులో సంతకం పెట్టాను.”

“లోపల చూశారా మీరు?”

“ఎలా చూస్తాను? మూత కమిటీ ముందే విప్పాలి. లెక్కల్ని బట్టి రాశాను. మూత... తీశావా?”

“బిగుసుకుపోయింది. పట్కారుతో తిప్పాను.”

“పోనీ, అదీ మంచిదే. లోపల చూసింది నువ్వొక్కదానివే. నువ్వూ రా. జరిగింది జరిగినట్టు చెబుదాం. పైన తోమాను, లోపల మాత్రం మొదట్నుంచీ శుభ్రంగానే ఉంది అను. నువ్వు చెబితే ఎవరైనా వింటారు.”

“నేనెందుకండీ.”

“ఆ ఒక్క మాటే. ఇంకేం వద్దు. నాకిక మిగిలింది అదొక్కటే, సరూ.”

“కారు పిలుస్తోంది.”

“పిలవనీ. నా మొహం చూసి చెప్పు. చెబుతావా?”

“పైనకంటే లోపలే ఎక్కువసేపు తోమాల్సొచ్చిందండీ.”